పగటీలి పనిబందు: ఎండకాలం మనకు నేర్పిన టైం ఇంక మిగిలి ఉన్నదా?

కాశిబుగ్గ_గుమస్తా
మే 12, రాత్రి 9:40

అన్నలు, అక్కలు, ఒక ముచ్చట మొదలువెడుతున్న. జెర పొడుగైతది, ఓపిక తోటి చదువుండ్రి.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి (కమీషన్ దుకాణం) మీద గుమస్తాగ చేస్తున్న. పందొమ్మిదేండ్లాయె. ఫిబ్రవరి నుంచి మే దాక మాకు మిర్చి సీజన్. ఎండ ఎంత ముదిరితే మా పని గంత ముదురుతది. పొద్దుగాల జెండా పాట (ఆనాటి రేటు తేల్చే వేలం) అయినంక కాంటాలు షురువైతయి, ఇగ అప్పటిసంది హమాలీలకు, తూకం ఏసే దడ్వాయిలకు, చాట కూలీలకు కూసునే తీరిక ఉండది.

ఇయ్యాల పన్నెండున్నరకు రేకుల షెడ్డు కింద ఒక చాట కూలీ అక్క తాలు (రంగు పోయిన మిర్చి) ఏరుతున్నది. నెత్తికి తువ్వాల, ముక్కుకు కొంగు. కంట్ల చెమట పడ్డది. తుడుసుకుందామంటె రెండు చేతులూ మిర్చి చేతులే. మోచేతి లోపలి మడత తోటి కన్ను ఒత్తుకున్నది. ఒంటి మీద మిర్చి అంటని జాగ అదొక్కటే ఉన్నట్టుంది. ఒత్తుకోని మళ్ల ఏరుడు వట్టింది. "అక్కా, జెరసేపు ఆగరాదు" అన్న. "నేను ఆగితే బస్తాలు ఆగుతయా తమ్మీ" అన్నది. ఆ మాట ఇంటికొచ్చినంక కూడ నన్ను వదుల్త లేదు.

మాది పర్వతగిరి దిక్కు ఊరు. నా చిన్నప్పుడు ఎండకాలం పదకొండు కొట్టిందంటె ఊరు ఊరంత బందు. తలుపులు దగ్గరకేసి, వాకిట్ల నీళ్లు జల్లి, వేపచెట్టు కింద నులకమంచం ఏసుకునుడు. నాలుగు దాక వాడల మనిషి కనవడకపోయేది. కోడికూతకు లేచి చేసిన పని, మాపటీలి చేసిన పని, గవే రెండు పనులు. నడిమిట్లది ఎండ జాగ. దానికి ఎవ్వలు అడ్డం పోకపోయేది.

తినుడు, పండుడు, ఇల్లు కట్టుడు, పెండ్లి చేసుడు, అన్నీ ఎండను చూసుకోనే పెట్టుకున్నరు మనోళ్లు. గండ్ల ఏమేం మిగిలినయి, ఏమేం పోయినయి? మీ మీ జాగలల్ల ఎట్లున్నదో రాయుండ్రి.


నర్సంపేట_రైతు
మే 12, రాత్రి 10:25

మంచి ముచ్చట తీసినవ్ తమ్మీ. మాకైతే టైం చెప్పే మాటలే ఎండకాలం తిండి నుంచి పుట్టినయి. అంబటాళ్ల అంటరు గద, అంబలి తాగే యాళ్ల. తొమ్మిది, పది నడుమ. మా అమ్మ ఇప్పటికీ "అంబటాళ్లకు ఇల్లు చేరుకో బిడ్డా" అంటది గని గడియారం టైం చెప్పది. ఇంట్ల తైదల అంబలి కాసుడు ఎన్నడో బందైంది. ఆ యాళ్లకు ఇప్పుడు చాయ తాగుతున్నం. పేరు మాత్రం గదే నిలిచింది.

కార్తెలు గూడ గంతే. మే 11 తానకెల్లి కృత్తిక, 25 తానకెల్లి రోహిణి, జూన్ 8 అటిటుగ మిరుగు (మృగశిర). రోహిణిల రోళ్లు పగులుతయని ఊకెనే అనలే. ఈ నెల ఒక్కటే మాకు ఇదివరకు ఖాళీ నెల. యాసంగి వరి పాకాల ఆయకట్టు కింద, నాలుగు బాయిల కింద ఉంటె ఉంటుండె. తక్కిన భూమంత ఎండకు వదిలిపెట్టేది. ఎండకాలం దుక్కి దున్ని పెడితె గడ్డి వేరు మాడుతది, మట్టిల దాగిన పురుగు కోశాలు పైకొచ్చి సస్తయి. చెరువు అడుగు తేలితె ఒండ్రుమట్టి చెలకలకు తోలుకునేది. ఎండ మనకు శత్రువు అనుకుంటరు కని ఆ నెల ఎండ లేకుంటె మల్లొచ్చే పంట లేదు. పెండ్లిళ్లు గూడ అందుకే ఎండకాలం పెట్టుకునుడు. పంట పైసలు చేతిల ఉంటయి, చేన్ల పని ఉండది, పిల్లలకు బడి ఉండది.

ఇప్పుడేమైంది? బోర్లు వచ్చినయి, కాలువ నీళ్లు వచ్చినయి, యాసంగి వరి ఊరంత పరుచుకున్నది. మంచిదే, కాదనను. కని కోతలు ఏప్రిల్, మే నెలలల్ల పడుతున్నయి. హార్వెస్టర్ కోసిన వడ్లు పచ్చిగ ఉంటయి. కొనుగోలు సెంటర్ల తేమ 17 శాతం మించితె కాంటా పెట్టరు. అందుకని మిట్టమధ్యాహ్నమే కల్లంల దిగి కాళ్లతోటి వడ్లు తిప్పాలె. వడ్లకు ఏ ఎండ మంచిదో మనిషికి గదే ఎండ చెడ్డది, రెండూ ఒక్కటే టైంకు. పోయిన మంగళవారం మా ఇంటామె, నేను రెండు గంటలకు వడ్లు తిప్పినం. చెప్పుల కింద వడ్లు పెనం మీద పేలాల లెక్క కాలుతున్నయి. ఎనకట మా బాపు అదే టైంకు మంచం మీద ఉండేటోడు.


బెజవాడ_టు_హన్మకొండ
మే 13, ఉదయం 6:50

నమస్తే. మాది విజయవాడ. ఉద్యోగం మీద హన్మకొండ వచ్చి ఎనిమిదేళ్లయింది. రెండు ఎండలూ చూసినవాణ్ణి కాబట్టి ఒక తేడా చెప్తాను.

మా వైపు ఎండ కన్నా ఉక్క ప్రాణం తీస్తుంది. చెమట పడుతుంది, ఆరదు. రోజుకి మూడుసార్లు స్నానం చేసినా ఒళ్లు జిడ్డుగానే ఉంటుంది. ఇక్కడికొచ్చిన మొదటి మే నెలలో మా ఆవిడ ఉతికిన చీర దండెం మీద వేసి, రెండోది పిండేలోపు మొదటిది పెళపెళలాడింది. అంత పొడిగాలి. అందుకే అక్కడ కూలర్ పెడితే గది ఇంకా జిగటగా తయారవుతుంది, ఇక్కడ అదే కూలర్ ప్రాణం నిలబెడుతుంది. గాలి పొడిగా ఉంటేనే నీరు త్వరగా ఆవిరవుతుంది, అవుతూ వేడిని లాక్కుపోతుంది. మీరు రంజన్ అనే మట్టికుండ చేసేదీ, ఇనుప డబ్బా కూలర్‌లో గడ్డి తడకలు చేసేదీ, మన ఒంటి మీద చెమట చేసేదీ ఒకే పని.

దీనిలో ప్రమాదం కూడా ఉంది. ఇక్కడ చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. ఒంట్లోంచి నీళ్లు పోయిన సంగతి మనిషికి తెలియదు. మొదటి వేసవిలో నేను అలాగే పడిపోయాను. "చెమట కూడా పట్టలేదు, వడదెబ్బ ఏంటి" అనుకున్నాను. పక్కింటి పెద్దావిడ సల్ల చెంబుతో వచ్చి, ఉప్పు వేసి తాగించి, "గీడ దూప అయినంక తాగుడు కాదు బిడ్డా, కాకముందే తాగాలె" అన్నారు.


గోదారిఖని_ఓసీ
మే 13, మధ్యాహ్నం 3:15

నేను నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పండుకోని లేచి రాస్తున్న. బొగ్గుబాయిల ఎండకాలం ముచ్చట వేరే తీరు. అండర్‌గ్రౌండ్ బాయిల ఎండ అన్నది ఉండకపోయేది, ఉక్కపోత ఉండేది. మా బాపు గట్ల ముప్పై ఏండ్లు దిగిండు. ఓపెన్‌కాస్ట్ వచ్చినంక ఎండ మొత్తం నెత్తి మీదికి వచ్చింది. క్వారీ లోతుల గాలి ఆడది. నల్ల బొగ్గు, నల్ల రాయి, పొద్దంత వేడి తాగి మనిషి మీదికి కక్కుతయి. బొగ్గు కుప్పలు వాటంతట అయ్యే రాజుకుంటయి, పొగ లేస్తది. కొత్త డంపర్లల్ల క్యాబిన్ ఏసీ ఉంటది, నడిపేటోనికి బాధ లేదు. కింద నిలవడి సిగ్నల్ ఇచ్చేటోడు, పంపుల కాడ ఉండేటోడు, గా కాంట్రాక్ట్ పిలగాండ్ల ముచ్చట చూడుండ్రి.

ఇంకొకటి ఎవ్వలు రాయలే. షిఫ్టుల ఊర్లల్ల సగం మంది పగలే పండుకోవాలె. మా కాలనీల ఎండకాలం పగటిపూట ఎవ్వలు చెప్పని ఒక కట్టుబాటు ఉంటది. ఎవ్వల దర్వాజకు తడి గోనెతట్టు ఏలాడుతుంటె ఆ ఇంట్ల నైట్ షిఫ్ట్ మనిషి పండుకున్నడని లెక్క. పిల్లలు ఆ వాడల కిరికెట్ ఆడరు. కూరగాయలామె కూడ ఆ ఇంటి ముంగట అరవది. మా అమ్మ గంటకోపారి లేచి ఆ గోనెతట్టు మీద చెంబుడు నీళ్లు గుమ్మరించేది. ఇప్పుడు నా ఇంటామె గదే చేస్తది. ఏసీ ఉన్నది గని, కరెంట్ పోయిన నాడు గోనెతట్టే దిక్కు.


మియాపూర్_ఓరుగల్లోన్ని
మే 13, రాత్రి 8:05

అందరూ బాగా రాస్తున్నారు, నాకూ ఇల్లు గుర్తుకొచ్చింది. కానీ ఒక మాట అడగాల్సిందే, కోపం తెచ్చుకోవద్దు.

"పగటీలి ఊరంత బందు" అన్నారు. ఊరంతా అంటే ఎవరు? దొర పండుకున్నాడు, పటేల్ పండుకున్నాడు. జీతగాడు (పాలేరు) పండుకున్నాడా? దొర గడీకి నీళ్లు మోసినామె పండుకుందా? పంకా లాగినవాడు పండుకున్నాడా? ఎండకాలం అందరికీ ఒకేలా విశ్రాంతి ఇచ్చిందని రాస్తే మన తాతల్లో సగం మందికి అన్యాయం చేసినట్టే. నేను గొడవకు అడగట్లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను.


కాశిబుగ్గ_గుమస్తా
మే 13, రాత్రి 11:30

మియాపూర్ అన్నా, నువ్వు అడిగింది న్యాయమే. అప్పటిసంది గదే ఆలోచన చేస్తున్న. మా తాత జీతమున్నోడే. పన్నెండేండ్ల పోరనిగ పసులు కాసిండు, పెద్దగయినంక అరక దున్నే పెద్ద జీతగాడు. ఎట్లుండెనే అని ఇయ్యాల మా పెద్దనాయినకు ఫోన్ చేసి అడిగిన.

పెద్దనాయిన చెప్పింది ఇది. దొర ఎన్నడు "పండుకోరా" అనలే. కని పదింటి దాక దున్నినంక ఎద్దు నురగ కక్కుతది. దాన్ని ఇంక కొడితె పండుతది, లేవది. ఎద్దుకు పైసలు పెట్టిండు కాబట్టి దొర గూడ అరక ఇడువుమనేటోడు. అరక ఇడిస్తె తాతకు చెట్టు నీడ దొరికేది. బర్రెలు పగటీలికి చెరువుల పడేటియి, నాలుగింటి దాక లెవ్వకపోయేటియి. బర్రెలు నీళ్లల్ల ఉన్నంతసేపు పసులకాపరి పోరడు కట్ట మీద మర్రి కింద ఉండేటోడు. మా తాత ఈత నేర్చింది, ఏకనాదం వాయించుడు నేర్చింది గా టైంలనే అట.

అంటే మనిషికి ఎవ్వలు రెస్ట్ ఇయ్యలే అన్నా. ఎద్దుకిచ్చిండ్రు, బర్రెకిచ్చిండ్రు. వాటి ఎనుక మనిషికి దొరికింది. ఇయ్యాల ట్రాక్టర్‌కు నురగ రాదు. హార్వెస్టర్ చెరువుల పడది. మిషన్ ఆగదు కాబట్టి దానెంబడి ఉన్న మనిషి గూడ ఆగుత లేడు. మా యార్డుల అక్క అన్న మాట గిదే గద, బస్తాలు ఆగుతయా అని.

గడీకి నీళ్లు మోసినామె ముచ్చట మాత్రం పెద్దనాయినకు తెల్వదట. ఆడోళ్ల పని గురించి ఎవ్వలు అడగలే, ఎవ్వలు చెప్పలే. నేను గూడ ఇప్పటిదాక అడగలే.


దోహా_జగిత్యాల
మే 14, రాత్రి 1:10

గుమస్తా అన్నా, నీ ఎద్దు ముచ్చట చదివి నిద్ర పడుత లేదు.

నేను ఖతర్‌ల పదకొండేండ్ల సంది ఉన్న. షటరింగ్ పని. మా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు ఇంటికొకడు గల్ఫ్‌ల ఉంటడు, మీకు తెలిసిందే. ఈడ జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాక పొద్దుగాల పది నుంచి మాపు మూడున్నర దాక ఆరుబయట పని చేపియ్యద్దని కానూన్. 2021ల టైం పెంచిండ్రు. ఇంకో రూల్ గూడ పెట్టిండ్రు. ఎండ, తేమ, గాలి అన్నీ కలిపి కొలిచే మిషన్ ఉంటది, దాంట్ల 32.1 దాటితె ఏ టైం అయినా పని ఆపాలె. దుబాయ్‌ల జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పన్నెండున్నర నుంచి మూడు. కువైట్‌ల పదకొండు నుంచి నాలుగు, మూడు నెలలు.

ఇది వచ్చింది ఉత్తగ కాదు. ఎంతమంది మనోళ్లు పెట్టెలల్ల ఇంటికి పోయినంక వచ్చింది. మా ఊరు పోరడు ఒకడు రూంల పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు, ముప్పై నాలుగేండ్లు. కాయితంల గుండె ఆగిందని రాసిండ్రు. ఆ వారమంత నాతోనే స్లాబ్ మీద పని చేసిండు. నేను డాక్టర్‌ను కాదు, కని ఆ వారం ఎండ నాకు ఎరుక.

అయినా ఇప్పుడు ఆ నెలలల్ల పదింటికి హారన్ కొడితె పని ఆగుతది, బస్సు ఎక్కి క్యాంపుకు పోతం. లీవ్‌ల ఇంటికొస్తె చిత్రమనిపిస్తది. మా తమ్ముడు జగిత్యాలల సెంట్రింగ్ పనికి పోతడు. ఆడ ఎండ 45, వాడు ఒంటిగంటకు సలాకలు కట్టుకుంట ఉంటడు. సలాక పట్టుకుంటె చేతికి బొబ్బ. పరాయి దేశంల నాకున్న హారన్ సొంత ఊర్ల మా తమ్మునికి లేదు.

మా అమ్మ ఏటా కొండగట్టు పెద్ద జయంతికి కాలినడకన పోతది. అది వైశాఖంల, మస్తు ఎండల పడుతది. వాళ్లు చానమంది రాత్రి నడుస్తరు, తెల్లారేసరికి గుట్ట ఎక్కుతరు, పగలు చెట్ల కింద పంటరు. దేవుని కాడికి పోయేటోళ్లకు గూడ ఎండ టైం తెలుసు. పని చెప్పేటోళ్లకే తెల్వదు.


మండిబజార్_భాయ్
మే 14, పొద్దున 5:30

దోహా భాయ్, దిల్ బరువైంది చదువుతుంటే.

మా వాడల 2018, 2019 రంజాన్లు యాదికి వస్తయి. రెండూ మే నెలలనే మొదలైనయి. పొద్దున నాలుగున్నర ముందే సహ్రీ, మళ్ల సాయంత్రం ఏడు దాక గుటక నీళ్లు లేవు. ఆ నెలల మండిబజార్ మొత్తం పగలును రాత్రి చేసుకున్నది. దుకాన్లు పగటిపూట సగం షటర్, ఇఫ్తార్ అయినంక ఫుల్. దర్జీలు రాత్రంత కుట్టి, ఫజర్ అయినంక పండుకునేటోళ్లు. మా అబ్బాజాన్ తోపుడుబండి మీద పండ్లు అమ్ముతడు, రోజా ఇడువలే, కని పన్నెండు నుంచి నాలుగు దాక మసీదుల పండుకునేటోడు. ఆ టైంల ఎవరూ "ఎందుకు పండుకున్నవ్" అనలే. పక్క హిందూ దుకాణపాయన బండి చూసుకునేటోడు. ఒక వాడ మొత్తం అనుకుంటే టైం మార్చుకోవచ్చు, నేను కళ్లారా చూసిన.


ఏఎన్ఎం_అక్క_ములుగు
మే 14, రాత్రి 9:20

అందరికి. నేను ఏఎన్ఎం (ఊరి నర్సు)ను, ఆరోగ్య సబ్‌సెంటర్‌ల పని చేస్త. ముచ్చట్లు బాగున్నయి, కని రెండు మూడు ప్రాణం మీది మాటలు చెప్పాలె, ఓపిక తోటి వినుండ్రి.

వడదెబ్బ తాకిన మనిషికి ఒళ్లు కాలిపోతది, మాట తడబడుతది, మనిషిని గుర్తు పట్టడు, పిచ్చిగ చేస్తడు. కొందరు తాగిండని అనుకుంటరు. గట్ల అనుకోని పక్కకు పండవెట్టి పోయి, గంటకు వచ్చి చూస్తె పోయినోళ్లు ఉన్నరు. తెలివి తప్పినోని నోట్ల నీళ్లు పొయ్యద్దు, ఊపిరితిత్తులల్లకు పోతయి. నీడకు తీసుకపోయి, బట్టలు వదులు చేసి, ఒళ్లంత నీళ్లతోటి తడిపి గాలి ఇసురాలె. చంకలల్ల, మెడకు, గజ్జలల్ల తడిబట్ట పెట్టాలె. ముందు సల్లగ చెయ్యాలె, 108కు ఫోన్ కూడ అదే నిమిషంల చెయ్యాలె.

జేబుల ఉల్లిగడ్డ పెట్టుకుంటె ఎండ తాకదంటరు. మా నాయినమ్మ గూడ పెట్టుకునేది. పెట్టుకోండ్రి, నేనొద్దనను, కని ఉల్లిగడ్డ ఉన్నదని నీళ్లు తాగుడు మర్శిపోవద్దు. ఆ ఉల్లిగడ్డ గట్కల, సల్లల నంజుకోని తింటె ఒంటికి అంటుతది. ఎనకటోళ్ల తిండి చూడుండ్రి: జొన్న గట్క, ఉప్పేసిన సల్ల, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు. నీళ్లు, ఉప్పు, జెర పులుపు. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒక లీటర్ నీళ్లల్ల కలుపుడు కూడ చక్కెర, ఉప్పుల లెక్కనే. సగం గ్లాసుల ప్యాకెట్ మొత్తం కలిపి తాగిపియ్యద్దు, పిల్లలకు నష్టం.

గుమస్తా తమ్మీ, ఆడోళ్ల ముచ్చట ఎవ్వలు అడగలే అన్నవ్. నేను అడుగుత రోజు. పనికాడికి వచ్చే ఆడోళ్లు నీళ్లు ఎందుకు తాగరో ఎరుకనా? మూత్రానికి పోయే జాగ ఉండది. పొద్దటిసంది మాపటిదాక బిగపట్టుకుంటరు, అందుకోసం నీళ్లే తాగరు. ఎండకాలం నా కాడికి వచ్చే మూత్రంల మంట కేసులు అయ్యే. మీ మార్కెట్ల ఆ అక్క పొద్దుగాల నుంచి ఎన్ని గ్లాసుల నీళ్లు తాగిందో ఒకపారి అడుగు.


భవంతిఇల్లు_సివిల్
మే 15, పొద్దున 7:00

ఇండ్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి కొంచెం రాస్తాను. మా ఊరి భవంతి ఇల్లు మట్టిగోడలది, మూరెడు కన్నా మందం. మధ్యలో ఆకాశం కనపడే ఖాళీ, నాలుగు దిక్కులా గూనపెంకల వసారా. అంత మందం గోడ పొద్దంతా తాగిన వేడి లోపలికి చేరేసరికి రాత్రి అవుతుంది. అప్పటికి మనుషులు వాకిట్లో మంచాలు వేసుకొని ఉంటారు. లోపలి వేడిగాలి నడిమి ఖాళీలోంచి పైకి పోతుంది. గడియారం లేకపోయినా ఇంటి గోడకు, మనిషి నిద్రకు టైం కుదిరింది.

ఇప్పుడు మనం కట్టేది అయిదంగుళాల స్లాబు, పైన నీడ లేదు. అది సాయంత్రానికే వేడి లోపలికి దింపుతుంది, రాత్రి రెండు దాకా కక్కుతూనే ఉంటుంది. దొంగల భయమో, దోమల భయమో, ఆరుబయట పండుకునుడూ పోయింది. స్లాబు మీద తెల్ల సున్నం కొడితే కూడా తేడా తెలుస్తుంది, ఖర్చు తక్కువ. నేను మా అత్తగారింటికి కొట్టించాను. రేకుల షెడ్లకు ఇంకా అవసరం. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) షెడ్లలోకి మే నెలలో ఒకసారి పోయి చూడండి, పైన రేకుల వేడి, పక్కన మిషన్ వేడి, చెవులు పగిలే చప్పుడు.


హన్మకొండ_డెలివరీ
మే 15, మధ్యాహ్నం 2:40

నేను బండి మీద తిండి తెచ్చిచ్చే పని చేస్త. ఇప్పుడు నయీంనగర్‌ల ఒక చెట్టు కింద ఆగి రాస్తున్న, అయిదు నిమిషాలల్ల ఆర్డర్ వస్తది.

మా పనిల రోజు మొత్తంల ఎక్కువ ఆర్డర్లు పన్నెండు నుంచి మూడు దాకనే. ఎండల బయటికి పోవద్దని జనం ఇంట్ల ఉంటరు, అందుకోసం మమ్ముల పిలుస్తరు. తప్పు అంటలే, నా కడుపు గూడ దాంట్లనే నిండుతది. మాకు ఆపమని ఎవ్వలు చెప్పరు, ఆపితె ఫోన్ల రేటింగ్ పడుతది. ఒకటే చెప్త: నిన్న కిషన్‌పురల ఒక ముసలమ్మ తలుపు తీసి పార్సల్ తీసుకోలే. "ముందు లోపలికి రా, కూసో" అని రంజన్ల నీళ్లు ముంచి ఇచ్చింది. రెండు గ్లాసులు తాగినంక పార్సల్ తీసుకున్నది. గా మూడు నిమిషాలకు నా లెక్కల లేట్ పడ్డది. పడనియ్.

ఆర్డర్ వచ్చింది, పోతున్న.


ఉట్నూరు_టీచర్
మే 15, సాయంత్రం 6:15

ఆదిలాబాద్ అడవి వైపు ఎండకాలమే సంపాదన కాలం. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు, తర్వాత మొర్రిపండ్లు, తునికాకు. తునికాకు కోతకు చీకటితోనే లేచి అడవికి పోతారు. ఎండ ఎక్కే లోపు ఆకుతో ఇల్లు చేరి, చెట్టు నీడలో కూర్చొని యాభై ఆకుల చొప్పున కట్టలు కడతారు. ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు అందరూ కడతారు. సాయంత్రం కల్లం దగ్గర కట్టలు పరుస్తారు. నడి ఎండలో చేసే పని నీడలో చేసే పని, నీరెండలో చేసే పని బయట చేసే పని. వాళ్లకు ఈ టైంటేబుల్ ఎవరూ రాసివ్వలేదు. ఎందుకు నిలబడిందంటే ఆ పనికి పై నుంచి అదిలించే మేస్త్రీ లేడు, ఎన్ని కట్టలు కడితే అన్ని పైసలు, ఎప్పుడు కట్టాలో వాళ్ల ఇష్టం.

సెలవులకు ముందు మా బడి కూడా ఒంటిపూట. ఎనిమిదింటికి వచ్చి పన్నెండున్నరకు అన్నం తిని పోతారు. పిల్లలను ఎండలో ఉంచొద్దని ప్రభుత్వానికి తెలిసినప్పుడు, ఆ పిల్లల తల్లిదండ్రులను ఉంచొద్దని ఎందుకు తెలియదో మరి.


మియాపూర్_ఓరుగల్లోన్ని
మే 15, రాత్రి 10:00

గుమస్తా అన్నా, నీ జవాబుకు దండం. నేను అడిగినదానికి ఇంత నిజాయితీగా జవాబు వస్తుందనుకోలేదు.

దోహా తమ్ముడు హారన్ అన్నాడు కదా, దాని మీదే మాట్లాడదాం. 2025 దాకా నడిచిన 1948 ఫ్యాక్టరీల చట్టంలో 13వ సెక్షన్ గాలి, వేడి గురించే ఉండేది. కానీ అది కప్పు కింద ఉన్న ఫ్యాక్టరీకి. కల్లానికీ, రోడ్డుకీ, యార్డుకీ, బండి మీది పిల్లవాడికీ పనికిరాలేదు. 2025 ఏప్రిల్‌లో మన రాష్ట్రం వడదెబ్బను రాష్ట్ర స్థాయి విపత్తుగా ప్రకటించి, చనిపోయిన కుటుంబానికి 4 లక్షలు అన్నది. మంచి అడుగు. కానీ అది పోయినాక ఇచ్చేది. పోకముందు పని ఆపించేది మనకు సలహాగా మాత్రమే ఉంది, కలెక్టర్లు ప్రకటన ఇస్తారు, "బయటికి రావద్దు" అని. రాకపోతే కూలి ఎవరిస్తారో అందులో ఉండదు.

గల్ఫ్ ఒక్కటే కాదు, 2025 ఎండల్లో ఇటలీలో చాలా ప్రాంతాల్లో పన్నెండున్నర నుంచి నాలుగు దాకా పొలాల్లో, కట్టడాల్లో పని ఆపించారు. గ్రీసులో ఎండకాలం మూడు నుంచి అయిదున్నర దాకా చప్పుడు చేయొద్దని నియమమే ఉంది. స్పెయిన్‌వాళ్ల పగటి నిద్ర పేరు సియస్తా, లాటిన్‌లో ఆరో గంట అనే మాట నుంచి వచ్చింది. నర్సంపేట రైతన్న చెప్పిన అంబటాళ్ల లాగానే, టైం పేరే నిలిచింది. ఎండ ఎక్కువున్న దేశాలు కొన్ని ఒక మాట పుట్టించుకున్నాయి. మనం మాట ఉంచుకొని టైం పోగొట్టుకుంటున్నాం.

నాకైతే కూలి తగ్గకుండా గంటలు మార్చుకునుడే దారి అనిపిస్తుంది. ఉపాధి హామీ పనులు ఎండకాలం పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగిస్తున్నారు కదా, అక్కడ నడిచినప్పుడు యార్డులో ఎందుకు నడవదు?


కాశిబుగ్గ_గుమస్తా
మే 18, రాత్రి 8:50

నాలుగైదు రోజులు రాయలేకపోయిన, క్షమించుండ్రి. ఏఎన్ఎం అక్క చెప్పినట్టు ఆ అక్కను అడిగిన. పొద్దుగాల ఆరు నుంచి ఒంటిగంట దాక ఒక్క గ్లాస్. "ఎక్కడికి పోవాలె తమ్మీ" అన్నది. నాకు నోట మాట రాలే. పందొమ్మిదేండ్ల సంది గా షెడ్డు ముంగట కూసోని లెక్కలు రాస్తున్న, ఒక్కపారి గూడ ఆ దిక్కు ఆలోచన పోలే.

మా సేటు తోటి మాట్లాడిన. చాటల పని, తాలు ఏరుడు పొద్దుగాల అయిదున్నరకు మొదలువెట్టి పదకొండున్నరకు ఆపుదాం, మిగిలింది నాలుగింటికి చేసుకుందాం, కూలి మాత్రం రోజు కూలి గదే అని. ముందు ఒప్పుకోలే. లారీ లోడింగ్ ఆలస్యమైతదన్నడు. "సేటూ, మిర్చి రంగు పోవద్దని ఏసీ గోదాంల పెడుతున్నం, కిరాయి కడుతున్నం. ఏరేటోళ్లకు నాలుగు గంటల నీడ ఇద్దాం" అన్న. జెరసేపు ఏం మాట్లాడలే. రేపటిసంది వారం రోజులు చేసి చూద్దామన్నడు. మా ఒక్క అడ్తి మీదనే, ఏడుగురు ఆడోళ్లు. హమాలీల లెక్క వేరే, వాళ్లది బస్తా లెక్క, లారీ టైం. అది నా చేతుల లేదు, వాళ్ల సంఘమోళ్లను కలుస్త.

ఇంకొకటి. మా అడ్తి ఎనుక బాత్రూంకు ఎప్పుడూ తాళం ఉంటుండె. తాళంచెవి నా కాడనే ఉండేది. ఇయ్యాల తీసి ఆ అక్క చేతికిచ్చిన.


ఏఎన్ఎం_అక్క_ములుగు
మే 18, రాత్రి 9:05

తమ్మీ, ఆ తాళంచెవి ముచ్చట చదివి ఏడ్పొచ్చింది. లోపల నీళ్లు వస్తున్నయో లేదో కూడ చూడు. బకెట్, మగ్గు పెట్టు.


దోహా_జగిత్యాల
మే 18, రాత్రి 9:30

అన్నా, మా తమ్ముని మేస్త్రీ నంబర్ పంపుత. నువ్వు మాట్లాడితె ఇంటడేమో.


నర్సంపేట_రైతు
మే 18, రాత్రి 9:45

గుమస్తా తమ్మీ, మంచి పని చేసినవ్. నాలుగింటికి మళ్ల మొదలువెట్టేటప్పుడు సల్ల పొయ్యుండ్రి వాళ్లకు, మా బర్రె పాలే, శనివారం మార్కెట్‌కు వస్త గద, ఒక క్యాన్ తెస్త. పొడుగు రాద్దామనుకున్న కని ఈడ గాలిదుమారం లేసింది, కరెంట్ పోయింది. కల్లంల వడ్లు కుప్పకు రాలే, పట్టాలు కప్పాలె. పోతున్న.